గోధుమ రంగెక్కని స్లైడ్లు

అనుమానపు మనిషినని ముందే ఒప్పుకుంటున్నాను. మా ఆయన లెక్కలో నేను పాల డబ్బా మీద తేదీ చూసి ఊరుకునే రకం కాదు, ఆ తేదీ వేసినవాడెవడో కూడా కనుక్కోవాలనే రకం. ఇంట్లో ఈ గుణాన్ని అందరూ వేళాకోళం చేసేవారు గానీ, ల్యాబ్‌లో మాత్రం ఇదే నాకు అన్నం పెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా అమెరికా ల్యాబుల్లో కణజాలాన్ని పలచగా కోసి, గాజు స్లైడ్ల మీద పరిచి, రంగులు వేసి చూసే పని చేశాను. "ఈవిడ చూసిందంటే ఇక తిరుగులేదు" అనిపించుకున్నాను. రిటైరయి రెండేళ్ళయింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు, ఆ మంచి పేరే ఒక అమ్మాయి బతుకు మీదకి వచ్చింది. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలూ, ఇది మీకోసమే రాస్తున్నాను. సైన్సు కొంచెమే ఉంటుంది, కంగారు పడకండి.

నా ఆఖరి ఉద్యోగం ఒక చిన్న బయోటెక్ కంపెనీలో. కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా ఇంటి నుంచి 580 హైవే ఎక్కి పడమటికి వెళ్ళాలి. పొద్దున్న ఏడు దాటిందంటే ఆ రోడ్డు మీద కారు నడవదు, పాకుతుంది. అక్కడ మేం మూలకణాల నుంచి బుల్లి పేగుల్ని పెంచేవాళ్ళం. ఆవగింజంత ముద్దలు. కొత్త మందుల్ని మనుషులకిచ్చే ముందు వీటి మీద పరీక్షించాలని కంపెనీ ఆశ. చిక్కేమిటంటే ఆ ముద్దలో కణాలు నిజంగా పేగు కణాలుగా మారాయా, ఊరికే గుండ్రంగా ముద్దకట్టాయా అన్నది చూడగానే తెలియదు. దానికే యాంటీబాడీలు. ఒక్కో యాంటీబాడీ ఒక్కో ప్రోటీన్‌ని మాత్రమే వెతికి పట్టుకుంటుంది. ఆహారాన్ని పీల్చుకునే పేగు కణాల అంచున విలిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, జిగురు తీసే కణాల్లో మ్యూసిన్ ఉంటుంది. ఆ రెండు యాంటీబాడీలూ అంటుకుంటే ముద్ద పేగైనట్టు. అంటుకోకపోతే మళ్ళీ మొదటికి.

అంటుకుందో లేదో చూడడానికి రెండు దారులున్నాయి. యాంటీబాడీకి మెరిసే రంగు కట్టి చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూడడం ఒకటి, అది ఫ్లోరసెన్స్. నా సర్వీసంతా దాంతోనే గడిచింది. రెండోదాంట్లో యాంటీబాడీకి ఒక ఎంజైమ్ కడతారు. ఆ ఎంజైమ్ పనిచేసిన చోట గోధుమ రంగు పడుతుంది, మిగతాదంతా నీలంగా ఉంటుంది. మామూలు వెలుతురులోనే చూడొచ్చు. ఇది నాకు తెలుసు గానీ చేతికి అలవాటైన పని కాదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి, చాలు.

మా ముద్దల్లో విలిన్ కనబడాలని నేను రెండేళ్ళు తంటాలు పడ్డాను. ఒక్కోసారి కనబడీ కనబడనట్టు ఏదో మెరిసేది, డైరెక్టర్ని పిలుచుకొచ్చేలోపు నాకే నమ్మకం పోయేది. అలాంటి రోజుల్లో వచ్చిందా అమ్మాయి. వరంగల్ పిల్ల, మిచిగన్‌లో పీహెచ్‌డీ చేసి హెచ్-1బీ వీసా మీద మా దగ్గర సైంటిస్టుగా చేరింది. నాకన్నా పై పోస్టు, నా కూతురికన్నా చిన్న వయసు. మొదటి రోజే ల్యాబ్ మధ్యలో, అందరి ముందూ, "నమస్తే ఆంటీ" అంది. నాకు ఒళ్ళు మండింది.

"ఇక్కడ ఆంటీ ఏమిటమ్మా? పేరు పెట్టి పిలువు, అందరూ అలాగే పిలుస్తారు" అన్నాను.

"పేరు పెట్టి ఎట్ల పిలుస్త ఆంటీ, నాకు నోరు రాదు" అని నవ్వేసింది.

నాలుగు నెలలు తిరక్కుండా ఆ పిల్ల ముద్దలు పేగులయ్యాయి. అదీ ఆ గోధుమ రంగు పద్ధతిలో. ప్రతి ముద్ద లోపలి అంచునా సన్నటి గోధుమ గీత, కాటుక దిద్దినట్టు. మ్యూసిన్ కూడా ఎక్కడుండాలో అక్కడే, చుక్కలు చుక్కలుగా. డైరెక్టర్ ఆ ఫోటోలు పెద్దవి చేయించి గోడకి పెట్టించాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. కొడుతూనే అనుకున్నాను, నాకు రెండేళ్ళు రానిది ఈ పిల్లకి నాలుగు నెలల్లో ఎలా వచ్చిందని. అసూయ అని మీరంటారు. అవును, అసూయే. కానీ ఆ రోజు దానికి నేను పెట్టుకున్న పేరు జాగ్రత్త.

ఇక అక్కణ్ణుంచి ఆ పిల్ల ఏం చేసినా నాకు అనుమానమే. పొద్దున్న అందరికన్నా ముందు వస్తుంది, ఎందుకు? స్లైడ్లు తనే కోసుకుంటుంది, నన్ను కొయ్యమనదు, ఎందుకు? అన్నిటికన్నా నన్ను పొడిచింది బఫర్ సంగతి. బఫర్ అంటే స్లైడ్లు కడగడానికీ యాంటీబాడీలు కలపడానికీ వాడే ఉప్పునీళ్ళు లాంటిది. మా ల్యాబ్‌లో వారం వారం పెద్ద సీసాతో కలిపేది నేను. అందరూ అందులోంచే తీసుకుంటారు. ఈ అమ్మాయి మాత్రం ఒక చిన్న సీసాలో తనది తనే కలుపుకుని, ఫ్రిజ్‌లో మూలన పెట్టుకుని, దాని మీద అట్ట ముక్క అంటించింది. దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "ముట్టుకోవద్దు" అని రాసింది!

ఆ బిల్డింగ్ మొత్తంలో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మరి ఆ మాట ఎవరికి రాసినట్టు? నేను ఉండబట్టలేక అడిగేశాను.

"అయ్యో ఆంటీ, మీకు కాదు" అంది కంగారుగా. "ఇంగ్లీష్‌ల డోంట్ టచ్ అని రాస్తే ఎవ్వరు చూస్తలేరు. తెల్వని స్క్రిప్ట్ ఉంటే ఇదేందని ఒక్క నిమిషం ఆగుతరు. గందుకే."

సమాధానం బాగానే ఉంది. బాగానే ఉంది కాబట్టే నేను నమ్మలేదు. ముందే ఆలోచించి పెట్టుకున్న జవాబులాగా అనిపించింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నీ బఫర్ వాడకపోతే నీకొచ్చిన నష్టమేంటి?" అన్నాడు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, ఆయనకేం తెలుసులే అనుకున్నాను.

తర్వాత నాకు రెండు ఫోటోలు దొరికాయి. ఆ పిల్ల ప్రజెంటేషన్‌లో ఆరో పేజీలో ఒకటి, పదకొండో పేజీలో ఒకటి. ఒకటి విలిన్, రెండోది మ్యూసిన్. రెండిట్లో ముద్ద ఆకారం ఒకటే, ఎడమ పక్కన నొక్కు కూడా ఒకటే. ఒకే ఫోటోలో గోధుమ మరకల చోటు మార్చి రెండుసార్లు వాడిందని నాకు రూఢి అయిపోయింది. ఒకే ముద్దని పక్కపక్కన రెండు ముక్కలుగా కోస్తే రెండూ కవలల్లా ఉంటాయని ముప్పై ఏళ్ళు కోసిన నాకు తెలియదా? తెలుసు. ఒక ముక్కకి ఒక యాంటీబాడీ, పక్క ముక్కకి ఇంకొకటి వేసి పోల్చడం మా పనిలో రోజూ ఉండేదే. కానీ దొంగ దొరికిందన్న సంబరంలో ఉన్నవాళ్ళకి తెలిసినవి కూడా గుర్తుకు రావు.

డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి తలుపు వేశాను. "నాకొక కన్సర్న్ ఉంది" అన్నాను. మన ఊళ్ళో దీన్ని చాడీ అంటారు, ఇక్కడ కన్సర్న్ అంటారు, అదొక్కటే తేడా. నేను ఆ అమ్మాయి మోసం చేసిందని ఎక్కడా అనలేదు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, మీరే చూడండన్నాను. ఆయన మొహం పాలిపోయింది. మరో నెలలో ఇన్వెస్టర్ల ముందు ఈ ఫోటోలే చూపించాలి.

"నువ్వు మళ్ళీ చేసి చూడగలవా? ఆమెకి చెప్పకుండా?" అన్నాడు.

అలా నాకు అధికారం చేతికొచ్చింది. ఆ పిల్ల ముద్దల్ని మైనంలో పోసి దాచిన దిమ్మెలు తీసుకుని, నా చేత్తో కోసి, ఆ పిల్ల రాసిన పద్ధతి ప్రకారమే ఒక్కో మెట్టూ చేశాను. ఒకటే మార్చాను. ఇలాంటి పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒక మామూలు పేగు ముక్క కూడా పెట్టాలి. దాంట్లో విలిన్ తప్పకుండా ఉంటుంది కాబట్టి అది గోధుమ రంగుకి రాకపోతే మన చేతిలోనే ఏదో తప్పుందని తెలుస్తుంది. దాన్నే కంట్రోల్ అంటారు. కంట్రోల్ లేని పరీక్ష పరీక్షే కాదని నేనే ఎంతమంది పిల్లలకి తిట్టి మరీ నేర్పానో! కానీ మా ల్యాబ్‌లో ఉన్న మామూలు పేగు స్లైడ్లు ఆ అమ్మాయి తయారు చేసి పెట్టినవే. దొంగ తెచ్చిన తూకంరాయితో తూస్తామా అనుకుని దాన్ని పక్కన పెట్టేశాను. అది జాగ్రత్త అనే అనుకున్నాను, మళ్ళీ.

గోధుమ రంగు రాలేదు. అంతా నీలమే. మర్నాడు మళ్ళీ చేశాను, మళ్ళీ నీలమే. నిజం చెప్తున్నాను, నా గుండెలో ఒక చల్లటి సంతోషం పాకింది. తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

మైక్రోస్కోప్ గది చూసుకునే పెద్దాయన ఒకడుండేవాడు, మాట పొదుపు, మొహం ఎప్పుడూ ముటముటలాడుతూ ఉండేది. స్లైడ్లు చూసి, "కంట్రోల్ ఏది?" అన్నాడు.

"అది కూడా ఆవిడదే కదా, నమ్మలేం" అన్నాను.

ఆయన స్లైడ్లు తిరిగి నా చేతిలో పెట్టి, "అయితే నువ్వు చూపిస్తున్నది ఏమిటి?" అని తన పనిలో పడ్డాడు. ఈయనకి ఆ పిల్లంటే అభిమానం కాబోలని ఆయన మీద కూడా అనుమానపడ్డాను.

మీటింగ్‌లో డైరెక్టర్, హెచ్ఆర్ నుంచి వచ్చిన ఒకావిడ, నేను, ఆ అమ్మాయి కూర్చున్నాం. నా స్లైడ్ల ఫోటోలు తెర మీద వేశారు. ఆ పిల్ల చాలాసేపు వాటినే చూసింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. కవల ఫోటోలు పక్కపక్క కోతలని చెప్పింది. దిమ్మె నంబరు, కోత నంబరు నోట్‌బుక్‌లో చూపించింది. నోట్‌బుక్‌లో రాయడమెంత పని, తర్వాతైనా రాసుకోవచ్చనుకున్నాను. చివరికి ఇంగ్లీష్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, "ఈ పరీక్షలో వాడిన ప్రతి ద్రావణం ఏదో రాసి ఉందా?" నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు రాసిన పద్ధతి ప్రకారమే చేశాను" అన్నాను. అంతటితో ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి బ్యాడ్జ్ తీసేసుకున్నారు. రివ్యూ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. వారం తర్వాత శుక్రవారం నిర్ణయం. మధ్యలో ఆ అమ్మాయి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టిందట, ఎవరినైనా కాపలా పెట్టి ఒక్క గంట ల్యాబ్‌లోకి రానివ్వమని. డైరెక్టర్ నన్నడిగాడు. "వద్దు. వస్తే ఏది మార్చేస్తుందో ఎవరు చూడొచ్చారు?" అన్నాను. వద్దని రాసేశారు.

ఆ ఆదివారం ఇండియన్ స్టోర్‌లో నాకెదురు పడింది. నేను కరివేపాకు కట్టలు తిరగేస్తున్నట్టు నటించాను, అయినా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, వాళ్ళేమన్న అన్నరా?"

"నాకేం తెలుసమ్మా, అదంతా హెచ్ఆర్ చూసుకుంటుంది."

"జాబ్ పోతే అరవై రోజుల్ల ఇంకోటి చూసుకోవాలె, లేకుంటే వెళ్ళిపోవాలె. అది నేను చూసుకుంట ఆంటీ. కాని దొంగ డేటా తయారు చేసిందని రాస్తే?" చేతిలో బుట్ట కింద పెట్టింది. "ఇక్కడే కాదు, ఏడికి పోయినా నన్ను ఎవరు ల్యాబ్‌ల అడుగు పెట్టనిస్తరు? నాకు వేరే పని రాదు ఆంటీ."

కళ్ళలో నీళ్ళు నిలిచాయి. నాకు జాలేసిందా? వేసింది. కానీ తప్పు చేసినవాళ్ళు కూడా ఏడుస్తారని నాకు నేను చెప్పుకుని, కరివేపాకు రెండు కట్టలు బండిలో వేసుకుని వచ్చేశాను.

బుధవారం పొద్దున్న డైరెక్టర్ ఒక చిన్న పెట్టె తెచ్చి నా బెంచీ మీద పెట్టాడు. బయట కొన్న మామూలు పేగు స్లైడ్లు, ఇంకా సీలు విప్పలేదు. శుక్రవారం ఫైల్‌లో లోటు కనబడకూడదు, వీటితో కూడా ఒకసారి చేసి జతపరచమన్నాడు. మైక్రోస్కోప్ పెద్దాయనే ఆయన చెవిలో వేసి ఉంటాడు. సరే, ఇది ఆ అమ్మాయి చెయ్యి పడని పేగు, నాకు అభ్యంతరం లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టాను.

నీలం. మొత్తం నీలం.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇది మూలకణం కాదు, ముద్ద కాదు, అచ్చమైన పేగు. దీంట్లో విలిన్ లేకుండా ఎలా ఉంటుంది? మొట్టమొదటి ఆలోచన, చెప్తే నవ్వుతారు, కొన్న కంపెనీవాడు మోసం చేశాడని! పెట్టె మీద నంబరు కూడా చూశాను. రెండో ఆలోచన, ఆ పిల్ల వెళ్ళేముందు యాంటీబాడీలు పాడుచేసి పోయిందని. కొత్త యాంటీబాడీ తీశాను. మళ్ళీ నీలం. మూడో ఆలోచనకి మాత్రం చాలాసేపు పట్టింది, ఎందుకంటే అది నా వైపు తిరిగి ఉంది.

మర్నాడు తెల్లారకుండానే ల్యాబ్‌కి వచ్చి ఫ్రిజ్ తెరిచాను. మూలన ఆ చిన్న సీసా అలాగే ఉంది. చదవగలిగిన ఒకే ఒక్క మనిషిని కాబట్టి నిజంగానే ముట్టుకోలేదు ఇన్నాళ్ళూ. మిగతా అన్నీ అవే ఉంచి, బఫర్ ఒక్కటి దానిలోంచి తీసుకుని చేశాను. చివరి మెట్టులో రంగు కలిపిన నిమిషానికే స్లైడు మీద గోధుమ గీత లేచింది. మైక్రోస్కోప్ అక్కర్లేదు, ఉత్త కంటికే కనబడుతోంది. ఆ పిల్ల ముద్దల మీద చేశాను. ఫోటోల్లో ఎలా ఉందో అలాగే, నొక్కుతో సహా.

అప్పుడు నా పెద్ద సీసా తిప్పి చూశాను. నా చేతి రాతే. బఫర్, తారీకు, దాని కింద "అజైడ్ కలిపాను". ఒక లాంగ్ వీకెండ్ తర్వాత బఫర్‌లో బూజు తేలింది. అది పట్టకుండా పాత ఉద్యోగంలో అలవాటున్నట్టే చిటికెడు అజైడ్ వేసి పెట్టాను, అప్పటి నుంచి ప్రతి వారం. ఫ్లోరసెన్స్‌కి దాంతో ఏ ఇబ్బందీ లేదు, అందుకే ల్యాబ్‌లో ఫ్లోరసెన్స్ చేసే అందరి స్లైడ్లూ బాగానే వస్తున్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. గోధుమ రంగు పద్ధతికి మాత్రం అది విషం. రంగు తెచ్చే ఎంజైమ్‌ని అక్కడికక్కడే చంపేస్తుంది. నేను యాంటీబాడీ కలిపింది దాంట్లో, కడిగింది దాంతో, రంగు కలిపింది కూడా దాంట్లోనే. ఈ సంగతి చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే అందరి జేబులూ తడిమాను, నా జేబు తప్ప.

ఇప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. ఆ సీసా చేతిలో పట్టుకుని నిలబడి ఆలోచించాను. అందరూ లంచ్‌కి వెళ్ళారు. దీన్ని పారబోసి కొత్తది కలిపేస్తే, రేపు "మళ్ళీ చేశాను, ఈసారి వచ్చింది, ఎందుకో తెలియదు" అనొచ్చు. ఆ పిల్ల ఉద్యోగం ఉంటుంది, నా పేరూ ఉంటుంది. అంత సుఖమైన అబద్ధం నా జీవితంలో నాకెప్పుడూ దొరకలేదు. సింక్ దాకా వెళ్ళాను కూడా. అజైడ్‌ని సింక్‌లో పొయ్యకూడదు, పైపుల్లో లోహంతో కలిసి పేరుకుంటే పేలే ప్రమాదం ఉంది. దాన్ని వేరే డబ్బాలో పోసి, ఏమిటో ఎంతో చీటీ రాసి, సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్ళ అలవాటు నా చెయ్యి ఆపింది. మంచితనం ఆపిందని చెప్పుకోవాలని ఉంది గానీ, కాదు.

పెద్దాయన లంచ్ నుంచి తిరిగొచ్చేసరికి నేనింకా సింక్ దగ్గరే ఉన్నాను. రెండు స్లైడ్లూ ఆయన చేతికిచ్చి, సీసా మీద రాత చూపించాను. ఆయన చదివి, "శుక్రవారం కాదు, ఇప్పుడే వెళ్ళి చెప్పు" అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. శుక్రవారమే చెప్పాను.

ఆ మీటింగ్‌కి ఆ అమ్మాయి ఇంటి నుంచి వీడియోలో వచ్చింది. నేను రెండు స్లైడ్లూ, సీసా బల్ల మీద పెట్టి, తప్పు నాదని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. బఫర్ నాది, కంట్రోల్ తీసేసింది నేను, ఆమె డేటా నిజం. డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

హెచ్ఆర్ ఆవిడ మాత్రం పెన్ను ఆపకుండా అడిగింది, "ఆ కెమికల్ మీరు కావాలని కలిపారా?"

"అయ్యో, లేదండీ!" తెలుగులోనే వచ్చేసింది. తర్వాత ఇంగ్లీష్‌లో చెప్పాను.

"మీరిద్దరూ ఒకే ప్రాంతం వాళ్ళు. మీ మధ్య పర్సనల్‌గా ఏమైనా ఉందా? ఆమె మీకన్నా పై పోస్టులో ఉండడం గురించి మీరు ఎవరితోనైనా మాట్లాడారా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో. నేనేం చెప్పినా ముందే ఆలోచించి పెట్టుకున్న జవాబులాగే వినబడుతోంది, నాకే. సీసా మీద నా రాత ఉందిగా, దాచాలనుకుంటే రాస్తానా అన్నాను. రాయడమెంత పని, తర్వాతైనా రాసుకోవచ్చని ఆవిడ అనలేదు గానీ, ఆవిడ చూపు అదే అంది.

ఆవిడ తెర వైపు తిరిగింది. "మీ ఉద్దేశం ఏమిటి? ఆమె కావాలని చేశారంటారా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంలో నా ముప్పై ఏళ్ళూ ఆ పిల్ల నాలుక మీద ఉన్నాయి. అవునంటే నన్ను అదే రోజు బయటికి పంపేవారు.

"కావాలని చేశారనడానికి ఆధారం లేదు" అంది ఇంగ్లీష్‌లో. అంతే.

నా మీద విచారణ అక్కడితో ముగిసింది. ఫైల్‌లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. సోమవారం ఆ అమ్మాయికి బ్యాడ్జ్ తిరిగిచ్చారు, డైరెక్టర్ అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. లంచ్ వేళ బయట బల్ల దగ్గర ఒక్కతే డబ్బా తెరుచుకుని కూర్చుని ఉంటే నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాను.

"తప్పయిపోయిందమ్మా. నీ ఉసురు పోసుకోబోయాను" అన్నాను.

"కూర్చోండి ఆంటీ" అంది. నేను కూర్చున్నాను. చెంచాతో అన్నం కలుపుతూ నెమ్మదిగా చెప్పింది. "మీ స్లైడ్ ఫోటో వేసినప్పుడే నాకు డౌట్ వచ్చింది. గోధుమ రంగు ఎంత బాగ చేసినా అంచుల్ల, మడతల్ల ఎంతో కొంత మరక పడ్తది. మీ స్లైడ్‌ల ఒక్క చుక్క లేదు. ఎంజైమ్ చచ్చిపోయిందనిపించింది. మీ పెద్ద బాటిల్ గుర్తొచ్చింది. నా బఫర్ నేనే కలుపుకునుడు మిచిగన్ నుంచి అలవాటు, దాని మీద ఏం రాసి ఉన్నదో ఎన్నడు చదవలే నేను. అది చూద్దామనే ఒక్క గంట అడిగిన."

నేను బల్ల మీదికి వంగాను. "తెలిసీ ఊరుకున్నావా? వాళ్ళకి చెప్పకపోయావా, ఆవిడ బాటిల్ చూడండని?"

"తెల్వదు ఆంటీ, డౌటే గదా. టెస్ట్ చేయకుంట ఒకరి పేరు ఎట్ల చెప్త?"

పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వుకుంటున్నారు. నేను ఆ పిల్ల వైపు చూడలేక ఆ డబ్బాలో పప్పన్నం వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి, "నేను కావాలని చెయ్యలేదని శుక్రవారం నువ్వు చెప్పకపోతే నా గతి ఏమయ్యేదో" అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తింది. కోపం లేదు, వెటకారం లేదు, స్లైడు చూసే చూపు అది.

"కావాలని చేయలేదని చెప్పలేదు ఆంటీ. చేసిన్రు అనడానికి ప్రూఫ్ లేదన్న. అంతే నాకు తెలిసింది."

డబ్బా మూత పెట్టుకుని, నాకు చెప్పి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదకొండు నెలలు ఒకే ల్యాబ్‌లో పనిచేశాం. పద్ధతిలో బఫర్ పేరు పూర్తిగా రాయడం మొదలుపెట్టాం, నా స్లైడ్లు ఆమె చూసేది, ఆమెవి నేను చూసేదాన్ని. ఎప్పుడూ మర్యాద తప్పలేదు. "మీరు కావాలని చేసి ఉండరు ఆంటీ" అని ఎప్పుడైనా ఒకసారి అంటుందేమోనని నేను రిటైరయ్యే రోజు దాకా చూశాను. కేక్ కోశారు, ఫోటోలు తీశారు, ఆ పిల్ల వంగి నా కాళ్ళకి దండం కూడా పెట్టింది. ఆ మాట మాత్రం అనలేదు.